పెంకుల వరస

బావా,

అలా పిలిచే హక్కు ముప్పై ఏళ్ళ కిందటే పోగొట్టుకున్నాను. అయినా నాలుకకు అలవాటు పోలేదు.

మోకాళ్ళు మొరాయించాక, మనవరాలి కంప్యూటర్లో పైనుంచి కనిపించే పటం తెరుచుకుని ఊళ్ళ మీద తేలుతున్నాను. నదులు ఆరేసిన చీరల్లా, గుమ్మటాలు బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. నిన్న అలా తేలుతూ తేలుతూ, మనమిద్దరం చెరోవైపు పెంకులు నేసిన స్టేషను కప్పు మీద వాలాను.

ఆనాడు "నీ వరసే వంకర" అని నువ్వంటే, "నీ కన్నే వంకర" అని నిచ్చెన దిగిపోయాను. అప్పట్నుంచి మాటల్లేవు. ఎవరిది వంకరో కిందనుంచి చూస్తే ఎవరికీ తేలలేదు.

ఇప్పుడు తేలింది. నీ వైపు దారం పట్టి గీసినట్టుంది. నా వైపు పాము పాకినట్టుంది.

"ఈ పక్క తాగి పరిచారా తాతా?" అంది మనవరాలు. నేనేనని దానికి చెప్పలేక నీకు రాస్తున్నాను.

పెంకుల వరస ఇక సరిచేయలేను. మన వరసైనా కలుపుకుందాం, రా.