లోపల దిగిన కొత్త డ్రైవర్లు

శనివారం, మధ్యాహ్నం

వదినగారికి,

నమస్కారాలు. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ అందరం బాగున్నామని రాయబోయి ఆగాను. బాగున్నామో లేదో నాకే అంతు చిక్కడం లేదు.

మీ తమ్ముడి కళ్ళలో పసుపురంగు పోయింది. పొట్టలో నీరు తగ్గింది. మళ్ళీ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నారు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ మీద కేకలు కూడా వేస్తున్నారు. పాడైన కాలేయం బాగుపడుతుందేమోనని తుంటి ఎముకలోంచి మూలకణాలు తీసి ఎక్కించే ప్రయోగంలో చేరారని రాశాను కదా. అందులో సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త ఉప్పునీరు. ఎవరికి ఏది ఎక్కిందో ప్రయోగం ముగిసేదాకా చెప్పరు. ఈయనగారు మాత్రం తనకు కణాలే ఎక్కాయని తీర్మానించేసుకున్నారు. లోపల కొత్త డ్రైవర్లు దిగారనీ, పాపం వాళ్ళింకా నేర్చుకుంటున్నారనీ, ఇప్పుడు తాను తాగితే బండి బోల్తా కొడుతుందనీ కనిపించినవాళ్ళందరికీ చెబుతారు. ఆ పిచ్చి మాట మీదే చుక్క ముట్టకుండా ఉన్నారు. పోయిన నెలలో ప్రయోగం ముగిసింది. తెలిసిన సంగతికి మళ్ళీ ఫలితం ఎందుకు, అడగనే అడగనన్నారు. నేనూ సరేనన్నాను.

నిన్న మందుల కోసం వెళ్తే, ఉప్పునీరు ఎక్కినవాళ్ళలో మీ ఆయనంత కోలుకున్నవాళ్ళు లేరమ్మా అని నర్సు మాటల మధ్యలో అనేసింది. నాకు తెలుసనే అనుకుంది కాబోలు. అంటే ఈయనకు ఎక్కింది ఉత్త ఉప్పునీరేనన్నమాట. మరి కాలేయం ఎలా బాగుపడిందని అడిగితే, తాగుడు మానడం వల్లేనంది. మానింది కణాల కోసమే కదా! ఎటునుంచి ఆలోచించినా మొదటికే వస్తున్నాను.

చెబితే మళ్ళీ సీసా పట్టుకుంటారేమోనని భయం. పోయినసారి బతుకు మీద ఆశ వదులుకున్నప్పుడు తాగి స్కూలు కారును గోడకు గుద్దారు. ఇంకోసారి తాగితే మనిషి దక్కడని డాక్టరు ముందే చెప్పారు. చెప్పకపోతే, రోజూ నా ఎదురుగా కూర్చుని డ్రైవర్ల కబుర్లు చెప్పే మనిషి మొహం ఎలా చూడను? చిన్నప్పటినుంచీ ఆయన్ని ఎరిగినవారు మీరే. చెప్పమంటారా, నోరు మూసుకోమంటారా? మీరెలా అంటే అలా చేస్తాను.

మీ మరదలు

తా.క.: కవరు అంటించేలోపే మనసాగక డాక్టరుకు ఫోన్ చేశాను. ఈ సంగతి ఆయనకు చెప్పవద్దని బతిమాలాను. డాక్టరు పోయిన నెలలోనే ఆయన్ని పిలిచి చెప్పేశారట. మా ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి, బెంగ పెట్టుకుంటుంది అని ఆయనా ఇలాగే బతిమాలారట. అంటే ఈ నెలంతా కణాలు లేవని తెలిసే తాగకుండా ఉన్నారు వదినగారూ. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. పక్కగదిలో పడుకుని గురక పెడుతున్నారు. లేపి చెప్పాలో, పడుకోనివ్వాలో తెలియడం లేదు.