చంపామని అనరు

మార్చి 1, ఆదివారం

చెల్లెలికి ఏడో నెల. డాక్టర్ బెడ్ రెస్ట్ అంది. అమ్మ ఉంటే అమ్మే వచ్చేది. లేదు కాబట్టి నేను వచ్చాను. నేను కళ్లు టెస్ట్ చేసే కళ్లజోళ్ల షాపుకి ఈ ఊళ్లోనూ బ్రాంచి ఉండటం కలిసొచ్చింది.

మరిది మంచివాడు. వాషింగ్ మెషీన్లు రిపేర్ చేస్తాడు. ఇంటికి రాగానే చెల్లెలి కాళ్లు ఒళ్లో పెట్టుకుని నొక్కుతాడు. వదినా, స్కూటీ బ్రేకు లూజుగా ఉందంటూ నేను అడగకుండానే బిగించి పెడతాడు. అలాంటి మనిషి ఆదివారం వచ్చేసరికి నాకు అర్థం కాకుండా పోతాడు.

ముందుగదిలో ముగ్గురు చేరతారు. మరిది, అతని ఫ్రెండ్ ఎలక్ట్రీషియన్, ఊరి చివర మొక్కజొన్న వేసిన పెద్దాయన. ఆ పొలాల మీద అడవిపందులు పడుతున్నాయి. వాటిని కొట్టడానికి మరిదికి పర్మిట్ ఉంది. తుపాకీ హాల్లో బీరువాలో ఉంటుంది.

ఒక్కరు కూడా చంపామని అనరు. పడుకోబెట్టాం అంటారు. పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు. పాపం అమాయకంగా మేస్తోంది, ఒక్కటే దెబ్బ, హాయిగా పడుకుందని ఎలక్ట్రీషియన్ చెబుతుంటే టీ ట్రే గడప దగ్గరే పెట్టేసి వచ్చేశాను. చెల్లెలు మంచం మీంచే వింటూ స్వెట్టర్ అల్లుకుంటోంది.

మార్చి 3, మంగళవారం

పెరట్లో మరిది ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతు తగ్గించి. కడుపుతో ఉంది కదా, నిదానంగా నడుస్తోంది, పరిగెత్తలేదు, సాయంత్రం ఒక్కతే ఉంటుందట.

చెల్లెలి గదిలోకి వెళ్లి తలుపు గొళ్లెం పెట్టాను. ఏమైందక్కా అంది. విన్నది విన్నట్టు చెప్పాను.

అదే రోజు, రాత్రి 8 గంటలు

అన్నం తినేటప్పుడు చెల్లెలే అడిగేసింది, ఎవరి గురించయ్యా ఆ మాటలు, అక్క హడలిపోయిందని. మరిది ముద్ద పక్కన పెట్టాడు. ఆడపంది గురించి వదినా, కడుపుతో ఉన్నదాన్ని ముట్టుకోం, రాత్రిపూట దాని వెనకాల వచ్చే మగదాని కోసం కాపు కాస్తున్నాం అన్నాడు. ఛ, ఏమనుకున్నారు నన్ను అన్నాడు. చెల్లెలు పొలమారేదాకా నవ్వింది.

నేనూ నవ్వాను. భయం మాత్రం పోలేదు.

మార్చి 5, గురువారం

బీరువా పక్కనుంచి వెళ్లేటప్పుడు నా అడుగు దానంతటదే దూరంగా పడుతోంది.

మార్చి 6, శుక్రవారం

షాపులో బిల్లింగ్ అమ్మాయికి మరిది వేట సంగతి చెప్పాను. అమ్మో, అలాంటివాడితో ఒకే ఇంట్లో ఎలా ఉంటున్నారక్కా, ఆ చేత్తో రేపు పాపాయిని ఎత్తుకుంటాడా అంది. అలా అంటూనే టిఫిన్ బాక్సులో కోడికాలు కొరుకుతోంది. మేనేజర్ మాత్రం కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు. ఎంత దూరం నుంచి కొడతాడు, ఫొటోలేమైనా ఉన్నాయా అని. ఎవరిని చూసి ఎక్కువ భయపడాలో తెలియలేదు.

మార్చి 8, ఆదివారం

ఈరోజు ముందుగది ఖాళీ. మరిది పొద్దున్నే పొలం నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. గుండు కడుపులో తగిలిందట. మగపంది మొక్కజొన్నలోకి దూరిపోయిందట. వదినా, సరిగ్గా చంపలేకపోయాను అన్నాడు.

ఆ మాట అతని నోటి వెంట మొదటిసారి విన్నాను.

గాయపడినది మనిషి మీదికి వస్తుంది. రేపు ఆ పొలంలో కూలీలు దిగాలి. ఎలక్ట్రీషియన్‌కి రాత్రి గట్టు మీద జారి మడమ బెణికింది. పెద్దాయనకి కళ్లలో శుక్లాలు, దూరం ఆనదు. మీరు నడవక్కర్లేదు వదినా, ట్రాక్టర్ ట్రాలీ మీద నిలబడి ఎక్కడ కదిలిందో చెబితే చాలు అన్నాడు. నా వల్ల కాదన్నాను. అది దొరికేదాకా ఆయన ముద్ద ముట్టడు, వెళ్లక్కా అంది చెల్లెలు.

మార్చి 9, సోమవారం

చేతులు కడుక్కుని కూర్చున్నాను. రాసేస్తే కాస్త నెమ్మదిస్తుందేమో.

తెల్లారగానే వెళ్లాం. పెద్దాయన ట్రాక్టర్ ఆపి కిందికి దిగలేదు. ట్రాలీ మీద నేను. మొక్కజొన్న మనిషి కంటే ఎత్తు. మరిది లోపలికి వెళ్లాడు. పైనుంచి అతని టోపీ మాత్రం కనబడుతోంది. 

గాలికి ఆకులన్నీ అటు వంగాయి. ఒక్కచోట ఇటు కదిలాయి. టోపీకి వెనక.

అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ట్రాలీ రేకుని రెండు చేతులతో బాదాను. అతను తిరిగాడు. మొక్కలు విరుచుకుంటూ నల్లగా వచ్చింది. అంత పెద్దది అంత వేగంగా వస్తుందనుకోలేదు. అప్పుడు వచ్చింది గొంతు. చంపెయ్, చంపెయ్, చంపెయ్! నేనే. పెద్దాయన వెనక్కి తిరిగి పందిని కాదు, నన్ను చూశాడు.

రెండుసార్లు పేలింది.

నేను దిగి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలీదు. రోజూ మనుషుల కళ్లలోకి లైటు వేసి చూసేదాన్ని. ఫోన్ టార్చి దాని కంట్లోకి వేశాను. కంటిపాప ముడుచుకోలేదు. మరిది గట్టు పక్కన వాంతి చేసుకుంటున్నాడు. ఎప్పుడూ ఇంతే వదినా, ఎవరికీ చెప్పకండి అన్నాడు.

నాకు వాంతి రాలేదు. ఆకలేసింది.

మార్చి 10, మంగళవారం

చెల్లెలు ఏమైందంది. పడుకోబెట్టాం అన్నాను.

మార్చి 12, గురువారం

బిల్లింగ్ అమ్మాయికి మొత్తం చెప్పాను. కస్టమర్లు కూడా చేరారు. చెప్పేకొద్దీ పంది పెరిగింది. రేకు బాదిన చోట కౌంటర్ మీద బాది చూపించాను. మేనేజర్ చప్పట్లు కొట్టాడు. ఆ అమ్మాయి టిఫిన్ బాక్సు మూసేసి లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

ఎదురుగా ఫ్రేములు పెట్టి చూసుకునే అద్దం. అందులో నా మొహం. వెలిగిపోతోంది. వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది.

మార్చి 13, శుక్రవారం

మరిదితో మళ్లీ ఆ ముచ్చటే ఎత్తాను. అతను తల దించుకున్నాడు. చెల్లెలు రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని, లోపల వినబడుతుందక్కా, ఇక ఆపు అంది.

మార్చి 15, ఆదివారం

వాళ్లొచ్చే టైమైంది. ముందుగదిలో నాలుగో కుర్చీ వేశాను. ఎవరూ వేయమనలేదు. చేతులు చల్లగా ఉన్నాయి.