నేను టైపు చేసిన మంచివాడు

నంద్యాల,
బుధవారం.

చిరంజీవి పూజితకు,

అన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. నాకు చేతులు రాలేదమ్మా.

పోయిన గురువారం భవాని లైనింగ్ గుడ్డ కొనడానికి వచ్చి, జాకెట్ ముక్కల సంచిలోంచి నీ ఉత్తరం తీసి ఇచ్చింది. నీ ఫోన్ ఎప్పుడూ మీ ఆయన జేబులోనే ఉంటుందట. ఆళ్లగడ్డలో నీ మాట బయటికి రావడానికి తన కుట్టు మిషను కొట్టు ఒక్కటే దారి అని చెప్పింది. ఈ జవాబు కూడా ఆమె చేతికే ఇస్తాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పి కొంచెం తగ్గింది. మొన్న మిద్దె ఎక్కి గుమ్మడి వడియాలు పెట్టింది. నీకోసం ఒక డబ్బా విడిగా దాచింది. ఎట్లా పంపాలో తెలియక రోజూ మూత తీసి చూసుకుంటోంది.

వచ్చేస్తే నాయన రానిస్తాడా అని అడిగావు. సత్రంలో పంచాయితీ జరిగిన రోజు నిన్ను లోపల గదిలో కూర్చోబెట్టారు కాబట్టి నీకు ఇది తెలియదు. మీ అత్త మహానందమ్మ నీ పెళ్లి బయోడేటా తెచ్చి చాప మీద పరిచింది.

"అడ్జస్టబుల్ అని అచ్చేసిస్తిరి. హోమ్లీ అంటిరి. మొగుడు చెయ్యెత్తితే ఈ పిల్ల మాటకు మాట చెప్తాంది. మోసపోయింది మేమప్పా" అంది.

పెద్దమనుషులు ఆ కాగితాన్ని ఒకరి తర్వాత ఒకరు చూశారు. చెయ్యెత్తిన సంగతి ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చాక నేను అడిగితే నాయన, "మనమే రాసిస్తిమి గదరా. ఇప్పుడొచ్చి ఈడ కూచుంటే నలుగురికీ ఏం చెప్పాల? ఆ పిల్లోడు నెమ్మదస్తుడని ఆళ్ల కాగితంలో ఉండె గదా. ఈమే ఏదో చేసింటాది" అన్నాడు.

అదీ సంగతి. రానివ్వడు.

ఇక నీ చివరి ప్రశ్న. "అంత కోపిష్టి అని నంద్యాలలో ఒక్కరికైనా తెలియదా అన్నా?" ఆ వరుస దగ్గరే వారం రోజులుగా ఆగిపోయాను.

తెలుసు. నాకు తెలుసు.

మన టైపింగు షాపులో పెళ్లి బయోడేటాలు ఎట్లా తయారవుతాయో నువ్వు చూశావు. కేరింగ్, రెస్పాన్సిబుల్, బ్రాడ్ మైండెడ్, ఫ్యామిలీ ఓరియెంటెడ్, ఇట్లాంటి మాటలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని ఉంటాను. తెలుగులో కొడుకును పొగడాలంటే సిగ్గుపడే తల్లిదండ్రులు కూడా ఇంగ్లీషులో ఎన్నైనా వేయమంటారు. నీ పెళ్లికి ఆరు నెలల ముందు మీ ఆయన మనోజ్, వాళ్లమ్మ అట్లాగే వచ్చారు. ఫొటో మార్చమని ఆమె ఒక్క మాట అన్నందుకు, అతను టీ గ్లాసు ఆమె కాళ్ల దగ్గర విసిరికొట్టాడు.

"నీకేం తెలుస్తాదే, నోరు మూసుకో" అన్నాడు.

ఆమె చీర మీద పడిన టీ తుడుచుకుంటూ, "వానికి రోంత కోపమెక్కువ నాయనా. బాగుండే మాట ఏదైనా చూసి ఎయ్యి" అంది. నేను 'సాఫ్ట్ స్పోకెన్' అని వేశాను. బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

రెండు నెలలకు పెళ్లిళ్ల పేరయ్య కాశీవిశ్వనాథం మన ఇంట్లో సంచి విప్పి ఆ కాగితమే తీశాడు. ఆళ్లగడ్డలో బేతంచెర్ల బండల వ్యాపారం, ఒక్కడే కొడుకు అన్నాడు. నేను చేసిన కాగితాన్ని నేను గుర్తుపట్టనా? నాయన చదివి చెప్పమన్నాడు. చదివాను.

"సాఫ్ట్ స్పోకెన్ అంటే ఏందిరా?"

"మెత్తగా మాట్లాడతాడని నాయనా."

నువ్వు వంటింటి గడపలో నిలబడి నా మొహమే చూస్తున్నావు. నేను నవ్వితే నువ్వూ నవ్వావు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మహానందమ్మ నన్ను గుర్తుపట్టింది. ఆమె ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

ఎందుకు దాచానంటే, చెల్లెలి పెళ్లి కానిదే నాకు కాదు. మీ వదిన వినీత వాళ్లు అప్పటికే రెండేళ్లు ఆగి, ఇక ఆగలేమన్నారు. అంతే. ఈ పనికి పెట్టడానికి మంచి మాట నా ఫైల్లో కూడా లేదు.

ఇది నాయనకు చెబితే నీకు తలుపు తెరుచుకుంటుందని తెలుసు. ఆయన పట్టుకుని కూర్చున్నదంతా ఆ కాగితమే. మూడుసార్లు చెప్పాలనే ఆయన పక్కన భోజనానికి కూర్చున్నాను. మూడుసార్లూ తిని చెయ్యి కడుక్కుని లేచాను. రేపు కూడా అంతే చేస్తాను. నా పిరికితనం మీద నాకు అంత నమ్మకం ఉంది.

అందుకే దీన్ని చింపకు తల్లీ. వచ్చే పంచాయితీలో అందరూ చూస్తుండగా నాయన చేతిలో పెట్టు. కింద సంతకం ఉంది. నా నోటితో చెప్పాల్సింది కూడా నీ నెత్తినే వేస్తున్నాను, చూశావా.

నీ బయోడేటా కూడా నేనే చేశాను కదా. అడుగున కుటుంబ వివరాల్లో నా పేరు పక్కన 'సపోర్టివ్ బ్రదర్' అని వేసుకున్నాను. అది చదివి నువ్వెంతో మురిసిపోయావు. ఆ మాటకు అర్థమేమిటని మాత్రం నాయన నన్ను అడగలేదు.

ఇట్లు,
నీ అన్న
ఓంప్రకాష్