పై వరుసలో ఈల

బార్సిలోనా, 12 మార్చి 1926

నాన్నా, నేను కులాసా, నా గొంతు కూడా కులాసా.

నాకు మొహమైనా చూపించకుండా పొద్దుటి రైలుకే ఊరెళ్ళిపోయావేం? నా బతుకు పాడుచేశానని ఇక్కడి రెమెదియోస్ అత్త దగ్గర ఏడ్చావట. ఏదీ పాడవలేదు. ఇక్కడ ఒపేరాలో ఈల వేస్తే పాట బాగాలేదని తిట్టినట్టు. అది ముందే చెప్పకపోవడం నా తప్పు. కొండమీద గొర్రెల్ని కాసే నీకెలా తెలుస్తుంది? నిన్న రాత్రి నా మొదటి పాట అవగానే సంతోషం పట్టలేక నువ్వు ఈల వేశావు. పై వరుసల వాళ్ళు నీమీద విరుచుకుపడ్డారట గదా, "ఎవడ్రా ఆ మొరటోడు? పిల్ల అంత బాగా పాడితే ఈలేస్తాడా!" అని. వాళ్ళు ఎవరినీ ఒక పట్టాన మెచ్చుకోరు. అలాంటిది, నీమీద కోపంతో లేచి నిలబడి మరీ నాకు చప్పట్లు కొట్టారు. అదే పాట రెండుసార్లు మళ్ళీ పాడించుకున్నారు.

పొద్దున ఒపేరా మేనేజరు వచ్చే ఏడాదికి కూడా నన్ను తీసుకున్నాడు. "ఆ ఈల వేసినవాడు దొరకాలి, చెప్తాను!" అన్నాడు. "మా నాన్నండీ" అన్నాను. వెంటనే గొంతు మార్చి, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

కుంటి గొర్రె ఈనిందా? అమ్మ మోకాలికి మందు రాస్తున్నావా? ఎండు అంజీరపళ్ళు పంపు. ఇరవయ్యో తారీకున మళ్ళీ పాడుతున్నాను, నువ్వు రావాలి. అమ్మకు నా ముద్దులు.

కార్డులో చోటు లేదు, ఒక్కమాట. ఆ మొదటి పాటంతా ఆ జనంలో నువ్వెక్కడున్నావా అని వెతుకుతూనే పాడాను. నువ్వు వేసింది తప్పిపోయిన గొర్రెను పిలిచే ఈల. నాకు తెలీదూ? నువ్వెక్కడున్నావో తెలిసిపోయింది. తర్వాతి పాటలన్నీ అటు తిరిగే పాడాను.

నీ ఒబ్దూలియా