గోడ కింద పాకిన తీగ

అన్నయ్యా,

గోడకి అటు నువ్వు, ఇటు నేను ఉండి ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మూడుసార్లు పిలిచినా పలకలేదు, అందుకే రాసి మీ తలుపు కిందనుంచి తోస్తున్నాను.

నీలం పూలు బాగున్నాయని నువ్వు తెచ్చి నాటిన తీగ నా పెరడంతా పాకింది. ఎండగడితే చస్తుందని నెల రోజులు చుక్క నీరు పోయలేదు. తీరా చూస్తే నా టమాటా మొక్కలు చచ్చాయి, అది మాత్రం నవనవలాడుతోంది! ఒళ్లు మండి తవ్వి చూశాను. వేలెడు లావు కాడ ఒకటి గోడ కిందుగా మీ స్నానాల గది నీళ్లు పారే చోటికి పోయింది. అక్కడ తాగి ఇక్కడికి పంపుతోందన్నమాట. పీకితే, మిగిలిన ముక్కలోంచి మళ్లీ చిగురిస్తోంది. ఇద్దరం ఒకే రోజు రెండు వైపులా తవ్వితే తప్ప పోదు.

వదినతో చెప్తే, "మా వైపు పచ్చగా బాగానే ఉందిగా, నీకెందుకమ్మా అంత బాధ?" అంది.

మీ వైపు రేకుల నీడ. ఎండ పొడే పడదు. మరి ఆ పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? నా వైపు ఎండ తినే కదా!

అందుకే ఇవాళ పొద్దున నా పెరడంతా నల్ల టార్పాలిన్ కప్పేశాను. ఇక మీ ఆకులు పాలిపోతాయి. అప్పుడైనా నన్ను తిట్టడానికి వస్తావుగా. వచ్చేటప్పుడు నాన్న గునపం తీసుకురా. పంపకాల్లో అది నీకే పోయింది.

నీ చెల్లెలు