పరీక్షల వరుసలో ఉన్నది నేనే

అమ్మా, నేను బాగానే ఉన్నాను, నువ్వు ముందు కంగారు పడటం మానెయ్యి.

కొత్తగూడలో హెచ్ఐవి పరీక్షల వరుసలో నన్ను చూశానని బుల్లిబాబు మామయ్య నీకు చెప్పింది నిజమే. ఆ శిబిరం నడిపేది నేనే. కుర్రకారు ఈ పరీక్షకు ఎందుకు జంకుతున్నారో తెలుసుకోవడం మా పరిశోధన. ఆ రోజు ఒక అమ్మాయి ఆఫీసు ఐడీ కార్డు బ్యాగులో దాచుకుని వచ్చింది. సూది చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. "జర మీరు గూడ చేయించుకోండి అక్కా, గప్పుడు నేను వేలు ఇస్త" అంది. సరేనని ఆమెతోపాటు వరుసలో నిలబడి నేనూ వేలు గుచ్చించుకున్నాను. ఫలితం వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. రోజూ అందరికీ ధైర్యం చెప్పే నేనే నిమిషానికోసారి గడియారం చూశాను. నాకు లేదని వచ్చింది. ఆమెకు ఏం వచ్చిందో, ఆమె పేరేమిటో రాయను.

తమ్ముడి పన్ను నొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త కందిపొడి పంపు.

నేను షుగరు పరీక్షలు చేస్తానని వీధిలో చెబుతున్నావట. నీ ఇబ్బంది నాకు తెలుసు, కోపం లేదు. ఫోనులో చెప్పకుండా ఈ పోస్టుకార్డు ఎందుకు రాశానంటే, మన పోస్టుమాన్ గారు ఏ కార్డూ చదవకుండా ఇవ్వరు. నువ్వు వీధిలో చెప్పలేనిది ఆయన చెబుతారు.

నాన్నకు, పుణ్యవతి పిన్నికి నమస్కారాలు. ఆ అమ్మాయి పేరు దాచడం నా పని. నా పేరు ఎవరూ దాచక్కర్లేదు.

నీ కూతురు,
ప్రవీణ