ఓడలో రాని నాయనమ్మ

తమ్ముడు హున్‌బెర్ట్‌కు మఠం నుంచి అక్క దీవించి రాస్తున్నది.

నువ్వడిగిన వంశక్రమం దూడతోలు మీద రాసి ఈ ఉత్తరం తెచ్చే మనిషితోనే పంపుతున్నాను. పొలం గట్టు తగాదాలో, వచ్చే పున్నమి సభలో నువ్వు ప్రమాణం చేయాలి కదా. ఓడల్లో వచ్చిన ఇంగ్లీషువాళ్ళ మాట నిండు మాట, ముందునుంచీ ఈ దీవిలోనే ఉన్న బ్రిటన్ల మాట సగం మాట అని రాజుగారి చట్టం. అందుకని బ్రిటన్ మనిషైన నాయనమ్మ పేరు తీసేయమన్నావు. తీసేశాను. మఠంలో చేరిన రోజు నేనూ ఆవిడ పేరు చెప్పలేదు, కాబట్టి నిన్ను తప్పు పట్టను.

రాస్తున్నంతసేపూ ఆవిడ మాటే చెవిలో మోగింది. "మీ తాత ఓడ దిగేసరికి వాంతులతో సగం చచ్చున్నాడే. మేకపాలు పట్టి నిలబెట్టింది నేను. ఆ ఓడలో ముప్పై మంది మగాళ్ళు, ఒక్క ఆడమనిషి లేదు."

నీ నాయనమ్మ ఎవరని సభలో అడుగుతారేమోనని భయపడకు. అక్కడ కూర్చునే పెద్దలందరి తాతలూ ఆ ఓడలోనే వచ్చారు.